గెనిమ మీద కాలు

నాగలమడిక,
22 జనవరి 2024.

చి. సుమకు తాత చిక్కన్న ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. మొన్న కాగితం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాను. నీకు ఫోను ఉంది, మీ అమ్మ రామలక్ష్మమ్మకు ఫోను ఉంది, తల్లీకూతుళ్లు దినామూ మాట్లాడుకుంటారు. మధ్యలో ఈ ముసలివాడి రాతెందుకు అనిపించింది. అయితే మీ అమ్మ ఆ ఫోను నా చెవికి పెట్టినప్పుడల్లా నాకు వినబడేది శనక్కాయలు చెరిగే చప్పుడు ఒక్కటే. "తాత బాగుండాడా అని అడుగుతాంది నాన్నా" అని ఆమె నా రెండో చెవిలో అరుస్తుంది. బాగున్నానని నేనూ అరుస్తాను. వీధిలో సగంమందికి నా ఆరోగ్యం తెలిసిపోతుంది. దానికన్నా ఇదే నయం.

నువ్వు పంపిన పళ్లెం ఆట రూల్సు పుస్తకం అందింది. దాన్ని ఫ్రిస్‌బీ అనాలని నువ్వు అలుగుతావు గానీ, రెండేళ్ల కిందట సోలార్ పార్కు ఇంజనీరు మేఘ మేడమ్ ఆదివారం పూట దాన్ని పినాకిని ఏటి ఇసుకలో విసిరినప్పుడు ఊరంతా పళ్లెమనే అన్నారు. నేనూ మేకల్ని తోలుకొచ్చి గట్టున కూర్చున్నాను. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు, ఈల ఊదేవాడు మాత్రం కనబడలేదు.

"అంపైరు యాడమ్మా?" అని అడిగాను.

"ఈ ఆటకు అంపైరు లేడు తాతా. ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవాల."

"చెప్పకపోతే?"

"చెప్తారు" అంది ఆమె, పొద్దున సూర్యుడు వస్తాడు అన్నంత తేలికగా.

చూద్దామని వరసగా మూడు ఆదివారాలు కూర్చున్నాను. మన వీధి నందీష్ మూడు వారాలూ చెప్పలేదు. నాలుగో వారం, ఎవరూ చూడకుండానే, "నా చెయ్యి తగిలింది, నాదే ఫౌల్" అన్నాడు. నాకు డెబ్బై మూడేళ్లు. మధుగిరి కోర్టు మెట్లు ఎక్కాను, ఊళ్లో పంచాయితీలు చూశాను, దేవుడి ముందు కర్పూరం ఆర్పి అబద్ధం చెప్పినవాళ్లను చూశాను. ఎవరూ అడగకుండా తన తప్పు తాను చెప్పినవాణ్ని ఆ రోజే చూశాను. ఆ పొద్దు మేకలు ఎవరి చేనులో పడ్డాయో కూడా చూసుకోలేదు.

సరే, విషయానికి వస్తాను. రాష్ట్రం జట్టుకు ఇరవై ఏళ్ల లోపు వాళ్లనే తీసుకుంటారనీ, తుమకూరులో చదువుతూ, నువ్వు కెప్టెన్‌గా ఆడుతున్న మన ఊరి ఆరుగురూ ఆ లిస్టులో ఉన్నారనీ, ఆడడం వస్తే చాలదు, ఫిబ్రవరి 25న రూల్సు పరీక్ష కూడా గట్టెక్కాలనీ రాశావు. ఆగస్టుకు నీకు ఇరవై నిండుతాయి కాబట్టి నీకు ఇదే మొదలూ, ఇదే కడా. పుస్తకమేమో ఇంగ్లీషు. మీరు బడిలో చదివింది కన్నడం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. జట్టును ఎంచే కమిటీలో మంజుశ్రీ మేడమ్ హిందూపురం దగ్గర పుట్టింది కాబట్టి తెలుగులో రాసినా దిద్దుతుందట. అందుకని పుస్తకాన్ని తెలుగు చేసే పని నా నెత్తిన పెట్టావు. మూడో తరగతితో బడి మానేసి, పురుగుమందు డబ్బాల మీది కాగితాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాడికి ఇంతకన్నా గౌరవం ఎవరిస్తారు. బస్తా శనక్కాయలిచ్చి తెచ్చుకున్న నిఘంటువుకు ఇన్నాళ్లకు పని దొరికింది.

నూట నలభై పేజీల నోటుబుక్కు ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. కొన్ని మాటలు నేనే కట్టాను. డిస్కు, అదే ఆ పళ్లెం, చేతిలో ఉన్నవాడు కదపకూడని కాలుకు 'గూటం కాలు' అని పెట్టాను, మేకను కట్టే గూటంలాగా ఉన్నచోటే ఉండాలి గనక. ఒకరు తప్పు అంటే రెండోవాళ్లు కాదనే మాటకు 'ఒప్పుకోను' అని పెట్టాను. మైదానం చుట్టూ గీసే గీతకు, చేని గట్టును అన్నట్టే, 'గెనిమ' అన్నాను. నాలుగో పేజీలో దాని సంగతి ఉంది. "గెనిమ మనదే. గెనిమ మీద కాలు పడితే లోపల పడినట్టే." ఈ వాక్యానికి నిఘంటువు కూడా తెరవలేదు. నా చేనికీ ఈశ్వరప్ప చేనికీ మధ్య ఉన్న గెనిమ నాదేనని ముప్పై ఏళ్లు కొట్లాడినవాణ్ని. నేను దాని మీద కంది నాటితే అతను పీకేవాడు, అతను ఆముదం నాటితే నేను పీకేవాణ్ని. ఇద్దరి పెళ్లాలూ పోయారు, ఇద్దరికీ పళ్లు ఊడాయి, మాటలు మాత్రం లేవు. చివరికి రెండు చేన్లూ సోలార్ వాళ్లకే ఇచ్చాం. వాళ్ల మిషను వచ్చి అర్ధగంటలో గెనిమ చదును చేసి వెళ్లింది. ఇప్పుడు దాని మీద అద్దాలు నిలబడి ఉన్నాయి. అయినా అది నాదే.

బాగా చదవండి.
మీ తాత
చిక్కన్న.


తుమకూరు,
8 ఫిబ్రవరి.

తాతకు సుమ నమస్కారాలు.

నీ నోటుబుక్కు వచ్చిన రోజు నుంచి మా ఆరుగురికీ వేరే పని లేదు. నువ్వే నేర్పిన తెలుగు అక్షరాలు కాబట్టి నేను గబగబా చదివేస్తాను. నందీష్ మాత్రం ఒక్కో మాటా బండి తోసినట్టు తోస్తాడు. నేను చదువుతుంటే అందరూ రాసుకున్నారు. కాపీలు ఆరు అయ్యాయి. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక గ్రౌండ్ మెట్ల మీద కూర్చుని ఒకరినొకరం ప్రశ్నలు అడుక్కుంటున్నాం.

నిన్న నందీష్‌ను అడిగాను. "డిస్కు పట్టుకుని గూటం కాలు ఎత్తితే ఏమవుతాది?"

"మేక తప్పించుకుంటాది" అన్నాడు.

"సరిగా చెప్పు మామా, ఇది పరీక్ష."

"ట్రావెల్. డిస్కు వాని కాడనే ఉంటాది, కాలు మళ్లా యథాస్థానం."

"ఇద్దరూ ఒకేసారి చూసినారు. ఒకరు పట్టినాడంటారు, ఒకరు కింద పడిందంటారు. ఎవరి మాట తీసుకోవాల?"

"బాగా కనబడేచోట ఉన్నోళ్ల మాట. వాళ్లకూ తెలీకపోతే, విసిరినోళ్ల చేతికి తిరిగి పోవాల."

"గెనిమ మీద కాలు పడితే?"

ఈ ప్రశ్న అడిగితే చాలు, ఎవరి వంతు అని చూడరు, ఆరుగురమూ ఒక్క గొంతుతో "గెనిమ మనదే" అని అరుస్తాం. పక్కన వాలీబాల్ ఆడేవాళ్లు మా వైపు చూస్తారు. మేము ఏదో భూమి కేసు మీద వచ్చామనుకుంటారేమో.

తాతా, నీకు ఒక మాట చెప్పాలి. మొన్న ప్రాక్టీసులో నేను దూకి డిస్కు పట్టుకున్నాను. వేళ్లకూ నేలకూ మధ్య గడ్డిపోచ అంత సందు. ఎదుటి జట్టు అమ్మాయి ప్రార్థన పరిగెత్తుకుంటూ వచ్చి "పట్టినావా?" అంది. "పట్టినా" అన్నాను. అంతే, ఆమె వెనక్కి తిరిగి తన చోటికి వెళ్లిపోయింది. ఇంకోమాట లేదు. ఆమెకు నేనెవరో తెలియదు, మా ఊరు తెలియదు. నా నోటి మాట మీద ఆట నడిచింది. కాలేజీలో నా హాజరు కూడా ఇద్దరు సంతకం పెడితేనే నమ్ముతారు. ఈ జట్టులో చోటు దొరకాలని ఎందుకంత పట్టు పడుతున్నావని అమ్మ అడిగింది. ఆమెకు చెప్పడం చేతకాలేదు, నీకు చెబుతున్నాను.

నీ మనవరాలు
సుమ.


నాగలమడిక,
21 ఫిబ్రవరి.

చి. సుమకు ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మేకలు బాగున్నాయి. నల్లమేక రెండు పిల్లల్ని పెట్టింది, ఒకటి అచ్చం మన పాత పోస్ట్‌మ్యాన్‌లా మెడ వంచి చూస్తుంది. అద్దాలు కడిగే నీళ్ల ట్యాంకరు ఎద్దుల బండి దారిలో దిగబడి రెండు రోజులు అక్కడే ఉంది. దాన్ని లాగడానికి ఇంకో ట్యాంకరు వచ్చి అదీ దిగబడింది. వాటిని చూడ్డానికి మంగళవాడ నుంచి కూడా మనుషులు వచ్చారు.

పుస్తకం నా దగ్గరే ఉంది కాబట్టి ఊసుపోక మళ్లీ మొదటినుంచి చదువుతున్నాను. ఇంగ్లీషు పొట్టి మాటల భాష. పొట్టి మాటలు కంటికి ఆనవు. మీరు పరీక్షకు పోయే ముందు, తీరిక ఉంటే, అక్కడ ఇంకో పుస్తకం దొరికించుకుని నాలుగో పేజీ ఎవరైనా ఇంగ్లీషు వచ్చినవాళ్ల చేత ఒకసారి చదివించుకుంటే బాగుంటుంది. తీరిక లేకపోతే పర్వాలేదు. ఒక్క ప్రశ్నే కదా.

ఎండ ముదురుతోంది. నీళ్లు బాగా తాగు.

తాత.


తుమకూరు,
3 మార్చి.

తాతకు నమస్కారాలు.

నీ ఉత్తరం పరీక్ష అయిన మరునాడు అందింది. పరీక్ష అయింది. మనవాళ్లు ఐదుగురు జట్టులో ఉన్నారు. నేను లేను. చదువు కూడా ఉంది కదా, ఇదీ ఒకందుకు మంచిదే. అమ్మకు వయసు లెక్కలో పోయిందని చెప్పాను, నువ్వూ అదే చెప్పు. ఎందుకు ఏమిటి అని నన్ను అడగవద్దు.

మేకపిల్లకు ఏం పేరు పెట్టారు?

సుమ.


నాగలమడిక,
14 మార్చి.

సుమా,

ఈసారి మేకల సంగతి రాయను.

శివరాత్రికి నందీష్ ఊరికి వచ్చాడు. నన్ను చూసి పక్క సందులోకి తిరిగాడు. నేను చెవిటివాణ్నే గానీ గుడ్డివాణ్ని కాదు. మరునాడు పొద్దున్నే వాళ్లింటికి పోయి తలుపు దగ్గర కూర్చున్నాను. బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తర్వాత నా చెవిలో చెప్పాడు.

ఆరుగురి పేపర్లలోనూ అదే జవాబు, అవే మాటలు. "గెనిమ మనదే. గెనిమ మీద కాలు పడితే లోపల పడినట్టే." మంజుశ్రీ మేడమ్ దాన్ని కమిటీ వాళ్లకు పైకి చదివిందట. కన్నడంలో అర్థం చెప్పిందట. అందరూ నవ్వారట. "యావ రైతప్పా పరీక్షె బరెదిద్దు?" అన్నాడట ఒకాయన. ఏ రైతు రాశాడీ పరీక్ష అని. ఇంకా నవ్వారట. ఆ తర్వాత నవ్వు ఆపి, ఆరు పేపర్లలో ఒకే తప్పు ఒకే మాటల్లో ఎట్లా వచ్చిందని అడిగారట.

"మేము నోటుబుక్కు అని చెప్పబోతిమి తాతా. సుమ ముందే లేచి నిలబడింది. నా పేపరు చూసి రాసినారు, నేనే చూపించినా అనె. మమ్మల్ని ఒక చూపు చూసింది. మేము నోరు మూసుకుంటిమి."

చూసి రాసినవాళ్లకు ఆ వారంలోనే మళ్లీ పరీక్ష, ఐదుగురూ గట్టెక్కారట. చూపించిన కెప్టెన్‌కు ఏడాది నిషేధం. ఏడాది తర్వాత నీకు ఇరవై దాటుతాయి.

నందీష్ ఏడ్చాడు. నేను అతన్ని ఓదార్చలేదు.

ఇప్పుడు నాది చెబుతాను. ఫిబ్రవరి 21న నీకు ఉత్తరం రాసిన పొద్దుకు నాకు నా తప్పు తెలుసు. ఇరవయ్యో తేదీ సాయంత్రం నాలుగో పేజీ మళ్లీ చదివాను. ఆ వాక్యంలో 'కాదు' అనే మాట ఉంది. గీత మైదానంలో భాగం కాదు. గీత మీద కాలు పడితే బయట పడినట్టే. మూడు అక్షరాల ఇంగ్లీషు మాట, ఎండాకాలం చీమంత ఉంది. మొదటిసారి చదివినప్పుడు అది నా కంటికి కనబడలేదు. గెనిమ నాది అని ముప్పై ఏళ్లు చెప్పినవాడికి దాని పక్కన 'కాదు' అని ఎవరు రాసినా కనబడదనుకుంటాను.

పరీక్షకు ఇంకా ఐదు రోజులున్నాయి. మీ అమ్మ ఫోను గూట్లోనే ఉంది. "సుమకు చెప్పు, నాలుగో పేజీ తప్పు" అంటే అయిపోయేది. ఆరు మాటలు కూడా లేవు. నేను ఏం చేశానో తెలుసా, ట్యాంకరు దిగబడిన కథ రాశాను. తప్పైందని రాయడానికి చేయి రాక, తీరిక ఉంటే చదివించుకోండి అని రాశాను. పోస్టు ఎన్ని రోజులకు చేరుతుందో నాకు తెలియదా? యాభై ఏళ్లుగా ఉత్తరాలు రాస్తున్నవాణ్ని. మీరందరూ కలిసి "గెనిమ మనదే" అని అరుస్తారని రాశావు చూడు, అది చదివి నాకు గర్వం కలిగింది. ఆరుగురు చదువుకున్న పిల్లలు నా మాట అరుస్తున్నారు. దాన్ని నా నోటితో కొట్టేయలేకపోయాను. ఒక్క ప్రశ్న, ఒక్క మార్కు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

నిన్న ఈశ్వరప్ప ఇంటికి పోయాను. ముప్పై ఏళ్ల తర్వాత. అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోడలు కాటమ్మ నన్ను చూసి లోపలికి పోయి కర్ర తెచ్చి గోడకు ఆనించి పెట్టింది, ఎందుకైనా మంచిదని కాబోలు.

"ఏందప్పా దోవ తప్పినావా?" అన్నాడు.

"ఈశ్వరప్పా, గెనిమ నాది కాదంట."

"మరి నాదా?"

"నీదీ కాదంట. ఎవరిదీ కాదంట. పుస్తకంలో ఉండాది."

"ఈ పుస్తకం ముప్పై ఏండ్ల కిందట యాడుండె?" అన్నాడు. కాఫీ ఇచ్చారు. తాగి వచ్చాను.

ఇంటికి వచ్చి కమిటీకి ఉత్తరం రాశాను. నోటుబుక్కు నాదనీ, వాక్యం నాదనీ, ఎవరి పేపరూ ఎవరూ చూడలేదనీ, మా సుమ చూపించలేదనీ, నన్ను కాపాడడానికి అట్లా చెప్పిందనీ రాశాను. నవ్వినాయన అడిగిన రైతును నేనేనని కూడా రాశాను. నా చేతి రాత పోల్చుకోవడానికి నోటుబుక్కు చిత్తుప్రతిలోంచి నాలుగో పేజీ చింపి జతచేశాను. ఈ పొద్దే పావగడ పోయి రిజిస్టరు చేయించాను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావు.

తాత.


తుమకూరు,
2 ఏప్రిల్.

తాతా,

నీ ఉత్తరం కమిటీకి అందింది. మంజుశ్రీ మేడమ్ నన్ను పిలిపించింది. మంచి మనిషి. నీ నాలుగో పేజీ ఆమె చేతిలో ఉంది. నీ అక్షరాలు చూసి, "మా నాన్న కూడా ఇట్లే రాస్తా ఉండె" అంది. నిషేధం తీసేశామంది. ప్రాక్టీసుకు రమ్మంది. తర్వాత ఒకటే అడిగింది.

"సుమా, ఆ రోజు మా ముందు నిలబడి ఎందుకు అబద్ధం చెప్పినావు? నోటుబుక్కు అని చెప్పుంటే ఒక్క మార్కు పోయేది, అంతే కదా."

నిజంగా అంతే. ఒక్క మార్కు పోయేది. అందరికీ పోయేది, అందరం గట్టెక్కేవాళ్లం. వాళ్లు నవ్వుతున్నారు తాతా. నువ్వు కళ్లద్దాలు దారంతో కట్టుకుని, నూట నలభై పేజీలు గీతలు కొట్టి రాసింది. ఆ నవ్వుల మధ్యకు నీ పేరు తీసుకెళ్లి పెట్టలేకపోయాను. అప్పుడు నోటికి ఏది వస్తే అది చెప్పాను. నీ మీద కోపం లేదు. ఉంది. రెండూ రాస్తున్నాను, ఏది నిజమో నువ్వే చూసుకో.

ప్రాక్టీసుకు వెళ్లాను. అదీ చెబుతాను, లేకపోతే నువ్వు సోలార్ బండి ఎక్కి తుమకూరు వచ్చేస్తావు. అందరూ బాగానే పలకరించారు. ఆట మొదలైంది. అరగంట బాగా ఆడాను. తర్వాత నేలకు దగ్గరగా వస్తున్న డిస్కును దూకి పట్టుకున్నాను. పట్టుకున్నాను తాతా, రెండు వేళ్లు దాని కింద ఉన్నాయి, ఇసుక గోళ్లలో దూరింది.

ప్రార్థన వచ్చింది. "పట్టినావా?" అంది.

"పట్టినా."

ఆమె నా ముఖం వైపు చూసి, తర్వాత నా వెనక ఉన్న నందీష్ ముఖం వైపు చూసింది. రెప్పపాటు. అతను అవునని తలాడించాడు. అప్పుడు ఆమె వెనక్కి వెళ్లింది.

తాను అట్లా చూసిందని ఆమెకు కూడా తెలిసి ఉండదు. కన్ను దానంతటదే అటు తిరిగింది. నీ ఉత్తరంలో ఏముందో ఆ గ్రౌండ్‌లో అందరికీ తెలుసు. సుమ కాపీ కొట్టించలేదు, సుమ కమిటీ ముందు అబద్ధం చెప్పింది. కాపీ కొట్టించిన కెప్టెన్‌గా నిషేధంలో ఉంటే నన్ను తిట్టేవాళ్లు, అంతే. ఈ ఆటలో తిట్లు తినొచ్చు. నా మాటకు సాక్షి అడిగితే మాత్రం నేను ఆడలేను. ఆ రోజు ఇంకా రెండు డిస్కులు నా వైపు వచ్చాయి. రెండింటికీ చేయి చాచలేదు. పట్టుకుంటే మళ్లీ అడుగుతారని.

సాయంత్రం మేడమ్‌కు చెప్పేశాను. నా చోట వేరే అమ్మాయిని తీసుకోమన్నాను. ఆలోచించుకోమంది. ఆలోచించుకునే చెప్పానన్నాను.

నువ్వు ఉత్తరం రాసింది మంచిపనే. నన్ను అడిగి రాసుంటే బాగుండేది.

సుమ.


నాగలమడిక,
20 మే.

చి. సుమకు,

నెలన్నర నుంచి రాస్తున్నాను, చింపుతున్నాను. పోస్టు డబ్బా మా ఇంటి నుంచి నూటపాతిక అడుగులు, మూడుసార్లు సగం దాకా పోయి వచ్చాను.

మనవాళ్లు ఆడి వచ్చారు. మూడు ఆటలు ఓడి రెండు గెలిచారట. నందీష్ ఒక ఆటలో తనంతట తానే "నా కాలు గీత మీద పడింది, బయటే" అన్నాడట. ఆ పాయింటుతోనే ఆట పోయిందట. ఆ మాట నాకు చెప్పి తల దించుకున్నాడు. అతని వీపు మీద చెయ్యి వేశాను. శివరాత్రి మరునాడే ఆ పని చేసి ఉండాల్సింది.

మేఘ మేడమ్‌కు రాజస్థాన్ వైపు ఇంకో సోలార్ పార్కుకు బదిలీ అయింది. పోయే ముందు మనింటికి వచ్చింది. నీకు ఆమె ఇచ్చిన రూల్సు పుస్తకం నేను తిరిగి ఇచ్చేస్తే తీసుకోలేదు. "మీరే పెట్టుకోండి తాతా, ఇంత శ్రద్ధగా చదివినోళ్లు ఈ తాలూకాలో ఇంకొకరు లేరు" అంది. ఆమెకు కథంతా తెలుసు. తెలిసే అంది. మీ అమ్మ నా వైపు చూసింది. వయసు లెక్క అబద్ధమని ఆమెకు ఎప్పుడో తెలిసిపోయిందని నాకు అప్పుడు తెలిసింది. ఈ ఇంట్లో మేమిద్దరం మూడు నెలలుగా ఒకరికొకరు చెప్పుకోకుండా ఒకే కూర తింటున్నాం.

ఆ పుస్తకం మళ్లీ చదువుతున్నాను. ఒకటి గమనించాను. తప్పు జరిగినప్పుడల్లా డిస్కు ఎక్కడికి తిరిగి పోవాలో అందులో రాసి ఉంది. ఎదుటివాళ్లు ఒప్పుకుంటే ఒకచోటికి, ఒప్పుకోకపోతే ఇంకోచోటికి, తెలియకపోతే విసిరినవాళ్ల చేతికి. అందరూ తమ తమ చోట్లకు పోయి నిలబడి, ఆ తప్పు జరగనట్టు మళ్లీ మొదలుపెడతారు. మన సంగతికి సరిపోయే రూలు కోసం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాను. నీ అబద్ధం నా తప్పు మీద నిలబడింది. నా నిజం పోయి నీ అబద్ధం మీద పడింది. ఎక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టాలో నాకు దొరకలేదు. ఫిబ్రవరి ఇరవై సాయంత్రం దగ్గరికి పోవాలి. ఫోను గూట్లో ఉన్నచోటికి.

నాదే తప్పు సుమా. ఒప్పుకుంటున్నాను. నువ్వు క్షమించానని రాయవద్దు, అట్లా రాస్తే నాకు నిద్ర పట్టేస్తుంది.

ఒక్కటి అడుగుతాను. ఎక్కడైనా, ఎవరితోనైనా ఆడు. జట్టు లేకపోతే పోనీ. నువ్వు విసిరితే ఆ పళ్లెం ఏటి ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకు పోయేది. ఆ దూరం అడుగులు పెట్టి కొలిచినవాణ్ని.

తాత.


తుమకూరు,
7 జులై.

తాతకు సుమ నమస్కారాలు.

పరీక్షలు అయిపోయాయి. కాలేజీ దగ్గర ఒక ల్యాబులో మధ్యాహ్నం పూట పని దొరికింది, రిపోర్టులు టైపు చేయాలి. వచ్చే నెల ఊరికి వస్తాను. నీ చెవి మిషను సంగతి ఇక్కడ అడిగాను. పావగడలోనే శిబిరం పెడతారట, అమ్మతో వెళ్లు. వద్దనకు. ఈసారి వద్దంటే నేనూ ఉత్తరాలు మానేస్తాను.

నువ్వు అడిగినదానికి జవాబు. ఆడటం లేదు. నిన్న సాయంత్రం గ్రౌండ్ పక్క నుంచి బస్‌స్టాపుకు నడుస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలు ఆడుతున్నారు, నాకు ఎవరూ తెలియదు. ఒకరు విసిరింది గాలికి వంగి బయటికి వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. తీశాను. దుమ్ము తుడిచాను. ఒక అమ్మాయి నలభై అడుగుల దూరంలో చేతులు చాచి నిలబడింది. నేను నడిచి వెళ్లి ఆమె చేతికి ఇచ్చాను.

"మీకు ఆడేది వస్తుందా అక్కా?" అని అడిగింది.

రాదన్నాను. ఆమె నమ్మింది. ఇంతలో బస్సు వచ్చింది, ఎక్కాను.

సుమ.